మాలకొండమ్మ చేతి కూడు

మాలకొండమ్మకు ఇల్లు అక్కర్లేదని ఎవరన్నారు? కావాలి. మామూలుగా కాదు, ప్రాణమంత కావాలి. నిరుడు తుఫానుకు గుడిసె కప్పు లేచిపోయి ఉప్పుటేట్లో పడ్డప్పటి నుంచి, రొయ్యల గుంటల గట్టు మీద మొగుడి కాపలా పాకలో, మోటార్ల హోరులో, పిల్లను పక్కలో వేసుకుని పడుకుంటున్న మనిషి. ఇంటి విలువ ఆమెకు ఇంకొకరు చెప్పాలా? కానీ ఆ ఇల్లు కట్టేవాళ్లు ఆమె చేతి మెతుకు ఒక్కటైనా ముట్టకుండా కట్టేసి వెళ్లిపోతామంటే మాత్రం ఊరుకునే రకం కాదు మాలకొండమ్మ.

అల్లూరుకు తూర్పున, ఉప్పుటేటి పక్కనున్న యానాదుల కాలనీ అది. అక్కడ ఎవరు గుడిసె వేసుకున్నా కూలికి మనుషుల్ని పిలవరు. నలుగురూ వస్తారు, తలా ఒక చెయ్యి వేస్తారు. మధ్య గుంజ నిలబెట్టి దాని మీద దూలం ఎక్కించాక, ఆ ఇంటి ఆడది పనికి వచ్చిన వాళ్లందరికీ తన చేత్తో పెట్టాలి. వాళ్లు తిని లేచాకే ఆమె కొత్త ఇంట్లో అడుగు వెయ్యాలి. ఎండ్రకాయల పులుసే పెట్టనీ, ఉత్త గంజే పొయ్యనీ, పెట్టడం ముఖ్యం. పెట్టకుండా అడుగు పెట్టిన ఇల్లు ఇల్లు కాదు, సత్రం. ఇది ఏ శాస్త్రంలో ఉంది అని అడిగితే మాలకొండమ్మ చెప్పే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

ఎండాకాలం సెలవుల్లో బిట్రగుంట నుంచి చర్చి వాళ్లు టెంపోలో దిగారు. పది పన్నెండు మంది. మేస్త్రి ముందే వచ్చి పునాది వేసి ఉంచాడు. వీళ్లు వారం రోజులుండి గోడలు లేపి, రేకులు కప్పి, పొద్దుటి పూట తుఫాను షెల్టరులో పిల్లలకు పాటలూ కథలూ లెక్కలూ నేర్పి వెళ్లాలని ఏర్పాటు. వీళ్లందరికీ పెద్ద హెన్రీ గారు. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మెడలో విజిలు ఉంటుంది. అది ఊదితే పని మొదలు, ఊదితే విశ్రాంతి, ఊదితే ప్రార్థన. ఆయన భార్య ఎస్తేరమ్మ వంటకు వచ్చింది. గ్యాసు పొయ్యి, బియ్యం మూటలు, నీళ్ల క్యాన్లు, ఆఖరికి ఉప్పు పొట్లంతో సహా వాళ్ల సరంజామా వాళ్లే తెచ్చుకున్నారు.

"మేము మీ మతంలో కలవాల్నా సామీ?" అని మాలకొండమ్మ మొగుడు పోలేరయ్య దిగీ దిగగానే అడిగాడు. మనసులో పెట్టుకుని నలిగే అలవాటు లేదు అతనికి.

"ఇల్లు ఉండేదానికయ్యా. దేవుడి సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి" అన్నాడు హెన్రీ.

ఆ ఒక్క మాటతో పోలేరయ్య ఆయనకు దాసోహమైపోయాడు. మాలకొండమ్మకు కూడా ఆయన నచ్చాడు. నచ్చాడు గనుకే ఆ మొదటి రోజు పొద్దున్నే గట్టు మీద పాకలో పాలు ఎక్కువ పోసి టీ కాచి, మూత పెట్టి, చెంగుతో పట్టుకుని తెచ్చింది. హెన్రీ గారు రెండు చేతులూ జోడించాడు. "వద్దమ్మా, మీకెందుకు శ్రమ? మాకు అన్నీ ఉన్నాయి" అన్నాడు. ఎంత నవ్వుతూ అన్నాడంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు. కొత్త కదా, మొహమాటం కాబోలు అనుకుని ఆ టీ తనే తాగింది.

పని చూస్తే నవ్వొచ్చేది. వచ్చిన కుర్రాళ్లలో ఒకడు బ్యాంకులో చేస్తాడు, ఇంకొకడు సెల్ ఫోన్ల కొట్టులో. ఇటుక పట్టుకోవడం ఎవరికీ రాదు. పంతం కొద్దీ ఇద్దరూ కలిసి మేస్త్రి లేనప్పుడు ఒక గోడ లేపారు. మేస్త్రి వచ్చి చూసి నడుం మీద చెయ్యేసుకుని, "ఏం సార్, గోడకి కడుపు తెప్పిస్తిరే!" అన్నాడు. నిజంగానే గోడ మధ్యలో ఇంత ముందుకొచ్చింది. మళ్లీ పడగొట్టి కట్టారు. చేతులు బొబ్బలెక్కినా ఒక్కడు కూడా పని మానలేదు. మాలకొండమ్మ ఇసుక తట్ట ఎత్తబోతే లాక్కుని, "మీరు కూర్చోండి అక్కా" అన్నారు. నా ఇంటి పనికి నన్ను కూర్చోమంటారేందిరా అనుకుంటూనే, వాళ్లు చూడనప్పుడు నాలుగు తట్టలు మోసేది.

అటు షెల్టరులో పిల్లలకు చదువు చెప్పేది ఏంజెలిన్ అనే అమ్మాయి. బి.ఎడ్. చదువుతోంది. కాలనీ పిల్లలు ఊరికే దారికొచ్చే సరుకు కాదు. పాట చెప్తే పాట మధ్యలో కిటికీలోంచి దూకి ఏట్లోకి పోయేవాళ్లు. ఆ పిల్ల కూడా కొంగు బిగించి వాళ్ల వెంట బురదలోకి దిగి, అక్కడే ఎండ్రకాయల్ని చూపించి కాళ్లు లెక్కపెట్టించింది. దాంతో పిల్లలు ఆమెను వదల్లేదు. మాలకొండమ్మ కూతురు వెన్నెల అయితే ఆమె నీడలా తిరిగింది. ఒకరోజు మాలకొండమ్మ షెల్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏంజెలిన్ వెన్నెలను ఒళ్లో పడుకోబెట్టుకుని తలలో పేలు చూస్తోంది. మాలకొండమ్మకు గుండె నీరయిపోయింది. పరాయి పిల్ల తలలో పేలు ఎవరు చూస్తారండీ, తల్లి తప్ప?

అందుకే మర్నాడు వెన్నెల చేతికి తాటిముంజలు ఇచ్చి పంపింది. "మీ టీచరమ్మకు పెట్టు. నేనిచ్చినానని చెప్పు" అని మరీ చెప్పింది.

పిల్ల వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. ముంజలు ఆకులో అలాగే ఉన్నాయి.

"టీచరు తీసుకుంది మా" అంది వెన్నెల. "తీసుకుని, పెద్ద సారు వైపు చూసింది. మళ్లా నాకే ఇచ్చేసింది. మీ అమ్మకు పెట్టు పో అనింది."

మాలకొండమ్మ ఆ ముంజలు తీసి పిల్లకే పెట్టింది. కొత్త ఇంటికి ఎదురింటి ముసల్ది మాత్రం ఊరుకోలేదు. కాలనీలో జరిగింది జరిగినట్టు పైకి చెప్పడానికే ఆ ముసల్దాన్ని దేవుడు ఇన్నాళ్లు బతికించాడు. "ఏందిమే మాలకొండా, మీ ఇల్లు కట్టేవాళ్లు నీ ఇంటి మంచినీళ్లు గూడా ముట్టరంటనే?" అని పళ్లు లేని నోటితో నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అన్నట్టు, ముంజలు తిరిగొచ్చిన బాధ కన్నా ఆ నవ్వు ఎక్కువ గుచ్చుకుంది.

అయినా మాలకొండమ్మ ఆశ వదల్లేదు. రేకులు ఎక్కించే రోజు ఉంది కదా. దూలం ఎక్కించే పూటకు అదే లెక్క. ఆ రోజు పెడితే ఎవరు మాత్రం కాదంటారు? ముందు రోజు పోలేరయ్యను పోరు పెట్టి ఏట్లోకి దింపింది. పోటు తీసిన బురదలో చేతులు పెట్టి వెతికి వెతికి, బొటనవేలు నెత్తురు కారేలా కొరికించుకుని అతను గంపెడు ఎండ్రకాయలు పట్టుకొచ్చాడు. మాలకొండమ్మ ధనియాలూ మిరపకాయలూ వేయించి నూరింది. పాతచింతపండు పిసికింది. నలుగురి ఇళ్లలో అడిగి పెద్ద సత్తుగిన్నె తెచ్చింది. పులుసు మరుగుతుంటే కాలనీలో కుక్కలన్నీ వచ్చి గట్టు కింద కూర్చున్నాయి.

మధ్యాహ్నం విజిలు మోగింది. రేకులు ఎక్కాయి. కుర్రాళ్లు కేకలు వేసి దిగొచ్చి, ఎస్తేరమ్మ వండిన సాంబారన్నం ముందు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడే మాలకొండమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. వాళ్ల మధ్యలో దించి మూత తీసింది. ఆ వాసనకు బ్యాంకు అబ్బాయి గుటక వేయడం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

హెన్రీ గారు లేచి నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఇది మా రూలు. ఎక్కడికెళ్లినా ఇంతే. మీ మీద మేము భారం వెయ్యకూడదు."

"భారమేంది సామీ? వండేసినా గదా!"

"పిల్లలకు పెట్టండమ్మా. మీ మనసు మాకు తెలుసు, అది చాలు."

ఎవరూ చెయ్యి చాపలేదు. ఏంజెలిన్ పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది. ఎస్తేరమ్మ ఏదో అనబోయి, మొగుడి ముఖం చూసి గరిటె కింద పెట్టేసింది. మాలకొండమ్మ గిన్నెకు మూత పెట్టి, నెత్తికెత్తుకుని, కాలనీ మధ్యగా నిండు గిన్నెతో వెనక్కి నడిచింది. తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఆ పులుసు కాలనీ వాళ్లందరూ వేళ్లు నాకుతూ తిన్నారు. ఆమె ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు.

"మన చేతిది తినరయ్యా వాళ్లు" అంది ఆ సాయంత్రం మొగుడితో. "పేలు చూస్తారు. ముక్కు తుడుస్తారు. ఇటికలు మోస్తారు. కూడు కాడికొచ్చేతలికి మనం యానాదోళ్లమని గుర్తొస్తాది."

"నీ నోటికి దండం పెడతా, ఊరుకోమే" అన్నాడు పోలేరయ్య. "దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతారా ఎవురన్నా? తింటే ఏంది, తినకుంటే ఏంది? రేపు తాళంచెవి ఇస్తారు. గాలొచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాల."

"నువ్వు పట్టుకో" అంది మాలకొండమ్మ. పాక బయటికి వెళ్లి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇల్లు కావాలి, పెట్టకుండా ఆ ఇంట్లోకి పోవడం ఆమె వల్ల కాదు. అదీ ఆమె ఏడుపు.

మర్నాడు ఇంటి ప్రతిష్ఠ. కాలనీ అంతా వచ్చింది. వాకిలికి రంగు రిబ్బను కట్టారు. పిల్లలు నేర్చుకున్న పాటలు పాడారు. వాళ్లందరికీ ఎస్తేరమ్మ ముందుగానే కడుపునిండా భోజనం పెట్టింది. వెన్నెల అందరికన్నా గట్టిగా పాడింది. పాట అయ్యాక హెన్రీ గారు ప్రార్థన చేసి, కత్తెరా తాళంచెవీ పట్టుకుని పిలిచాడు. "రామ్మా మాలకొండమ్మా. ముందు నువ్వే అడుగు పెట్టాల."

మాలకొండమ్మ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"నేను రాను సామీ."

సిగ్గుపడుతోందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. పోలేరయ్య మోచేత్తో పొడిచాడు. ఆమె ఆ చేతిని తోసేసింది.

"ఇల్లు బాగుండాది సామీ. మీ చేతులు బొబ్బలెక్కేది నేను చూసినా. మీ మీద నాకు కోపం లేదు." తల అడ్డంగా ఊపింది. "అబద్ధం. కోపముండాది. మా చేతి కూడు పనికిరాదనుకునేవాళ్లు కట్టిన ఇంట్లో నేను ఉండలేను. ఇంకెవురికైనా ఇచ్చుకోండి. నేను గట్టు మీదకే పోతా."

"సామీ, దీనికి ఎండదెబ్బ తగిలుండాది" అని పోలేరయ్య అడ్డం పడ్డాడు.

హెన్రీ గారి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "పనికిరాదని ఎవరన్నారమ్మా?"

"అనాల్నా సామీ? పిల్ల ముంజలు తెస్తే తిప్పి పంపిస్తిరి. నేను పులుసు తెస్తే దండం పెడితిరి. ఆ దండానికి అర్థం మాకు తెలీదా? పెద్దిళ్లోళ్లు మమ్మల్ని తిట్టి వద్దంటారు. మీరు దండం పెట్టి వద్దంటిరి. అంతే గదా తేడా!"

కాలనీ కాలనీ గుడ్లప్పగించి చూసింది. హెన్రీ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకు నిజంగా, దేవుడి సాక్షిగా, ఆ సంగతి తట్టనే లేదు. తట్టి ఉంటే బాగుండేది, కనీసం జవాబు వెతుక్కుని ఉండేవాడు.

ముందు నోరు తెరిచింది ఎస్తేరమ్మ. తెరిచి మొగుడి మీద పడింది.

"విన్నావా? జీవితమంతా గూడ్సు బండ్లకు జెండా ఊపి ఊపి, మనుషులకు గూడా ఊపుతుండావు నువ్వు! మా అమ్మకు ఎన్ని ఇళ్ల కాడ ఎడంగా కూర్చోబెట్టి పెట్టినారో నీకు తెలీదా? మీ అమ్మకు పెట్టలేదా? ఆ పనే ఈ బిడ్డకు నా చేత చేయిస్తివే!" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుని, రిబ్బను ముందు ఇసుకలో చతికిలబడింది. "అమ్మా, నాకు ఆకలేస్తుండాది. పెట్టు."

ఆమె పక్కన ఏంజెలిన్ కూర్చుంది. తర్వాత బ్యాంకు అబ్బాయి. ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. హెన్రీ గారు మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఒక మాట చెప్పనియ్యి తల్లీ" అన్నాడు. "ఒకసారి తోటపల్లి గూడూరు అవతల ఇట్టానే ఇల్లు కట్టినాం. ఆ ఇంటామె కోడిని కోసి పెట్టింది. కడుపునిండా తిన్నాం. తర్వాత తెలిసింది, ఆమెకు ఉండేది ఆ ఒక్క కోడేనంట. ఆ పూట ఆమె పిల్లలు గంజి తాగి పడుకున్నారంట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదమ్మా. ఇంక పేదోళ్ల ఇంట్లో మెతుకు ముట్టనని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నా. అంతేగానీ నీ చేతి కూడు..."

మాలకొండమ్మ ఆయన్ని తేరిపార చూసింది. మనిషి అబద్ధం చెప్పడం లేదు. అది తెలియగానే గుండెల మీది బండ సగం దిగింది.

"ఆమె ఏడ్చిందా?" అని అడిగింది.

"ఎవురు?"

"ఆ కోడిని కోసినామె."

హెన్రీ గారు ఆలోచించాడు. "లేదు. మా టెంపో మలుపు తిరిగేదాకా నవ్వుతా చెయ్యి ఊపింది."

"ఆ నవ్వు నాకు లేకుండా చేస్తివే అన్నా" అంది మాలకొండమ్మ.

ఆ మాటకు హెన్రీ గారు కత్తెర పక్కన పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా, ముసలి ఎద్దు కూలబడ్డట్టు, భార్య పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "పెట్టమ్మా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది మాలకొండమ్మకు. పెట్టడానికి ఏముంది గనక! నిన్నటి పులుసు కాలనీ తినేసింది. కోపంతో ఈ రోజు పొయ్యే ముట్టించలేదు. పాకలో ఉన్నది రాత్రికని ఉంచుకున్న సద్దికూడు కుండ, రెండు ఉప్పుచేపలు, ఉల్లిపాయలు. ఇంత మంది కూర్చున్నారు, టెంపో డ్రైవరు అప్పటికే హారను కొడుతున్నాడు. ఆమె మొగుడి వైపు చూసింది. పోలేరయ్య, అంతసేపూ ఆమెను తిట్టుకుంటూ నిలబడ్డ పోలేరయ్య, ఒక్క మాట అడక్కుండా గట్టు మీదకు పరుగెత్తి ఆ కుండ చంకలో పెట్టుకుని, ఉప్పుచేపలూ ఉల్లిపాయలూ చేత పట్టుకుని వచ్చాడు.

మాలకొండమ్మ చేతులు కడుక్కుంది. ఉప్పుచేపలు ఎదురింటి ముసల్దాని పొయ్యిలో నిప్పుల మీద కాల్చి చిదిమి, సద్దికూట్లో వేసి, ఉల్లిపాయ నలిపి, గట్టిగా కలిపింది. ముద్ద చేసి మొదట ఎస్తేరమ్మ చేతిలో పెట్టింది. తర్వాత ఏంజెలిన్‌కు. ఆ పిల్ల ముద్ద తింటూ ఏడుస్తుంటే, "కారమా?" అని అడిగి పక్కనే ఉన్న వెన్నెల చేత నీళ్లు ఇప్పించింది. బ్యాంకు అబ్బాయి వేళ్లు నాకి, "ఇంకోటి అక్కా" అన్నాడు. సిగ్గులేని వెధవ అని అందరూ నవ్వారు, మాలకొండమ్మ కూడా నవ్వి వాడికి ఇంకోటి పెట్టింది.

హెన్రీ గారి దగ్గరికి వచ్చేసరికి కుండలో ఒక్క ముద్దే మిగిలింది. ఆమె చెయ్యి చాపింది. ఆయన ముద్ద వైపు చూశాడు, కుండ అడుగు చూశాడు, అక్కడి నుంచి పోలేరయ్య ఎండిన డొక్క వైపు చూశాడు. రాత్రికి వీళ్లకు ఏముంది అని ఆయన మనసులో లెక్క కడుతున్నట్టు మాలకొండమ్మకు తెలిసిపోయింది. ఆమె చెయ్యి వెనక్కి తియ్యలేదు.

"తిను అన్నా" అంది.

ఆయన దోసిలి పట్టాడు. తిన్నాడు. ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాడు.

తర్వాత రిబ్బను కత్తిరించడం ఎవరికీ గుర్తు రాలేదు. మాలకొండమ్మే దాన్ని చేత్తో పక్కకు తోసి లోపలికి అడుగు పెట్టింది. కొత్త సున్నం వాసన ఆమెకు ముక్కు నిండా తగిలింది. టెంపో కదిలే వేళకు బయటికి వచ్చి, అది రొయ్యల గుంటల మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది. కిటికీలోంచి హెన్రీ గారు తల బయటపెట్టి చూశాడు. ఆమె నవ్వుతూనే ఉంది.

వెన్నెల కడుపునిండా తిని ఉంది, రేకుల కింద అటూ ఇటూ పరుగెత్తి అలిసిపోయి మూల పడుకుంది. పోలేరయ్య ఖాళీ కుండలోకి తొంగి చూసి, కడుపు తడుముకుని నిట్టూర్చాడు.

"అంతా పెట్టేస్తివి గదమే. ఇంక మనకేం మిగిలింది?"

"ఇల్లు" అంది మాలకొండమ్మ.